డర్బన్ రేవులో ఒక శనివారం

మూసాపేటలో అతన్ని జహాజు ఎల్లేశం అనేవారు, జహాజు అంటే ఓడ. సముద్రం ఎటు ఉందో తెలియని ఊళ్ళో ఆ పేరు విని కొత్తవాళ్ళు నవ్వేవారు. ఎల్లేశం నవ్వేవాడు కాదు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ఎడమ చెవి సరిగా వినపడేది కాదు కాబట్టి ఎవరు మాట్లాడినా కుడి చెవి ముందుకు పెట్టి వినేవాడు. రెండేళ్ళకు పైగా ఓడ ఇంజను గదిలో పనిచేసినందుకు మిగిలినవాటిలో అదొకటి.

తండ్రి పోచయ్య మాదాపూర్ గుట్టల్లో రాయి కొట్టేవాడు. కొడుకు ఎనిమిదో తరగతి దాకా చదివి, బాలానగర్‌లో కొత్తగా లేచిన ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనికి కుదిరాడు. మంట ఎంత పెట్టాలో, ఆవిరి ఎంత ఎక్కిందో చప్పుడు విని చెప్పగలిగేంత పని నేర్చుకున్నాడు. పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ప్రత్యేక రాష్ట్రం గొడవలు మొదలై ఆ ఫ్యాక్టరీ నెలల తరబడి తెరుచుకోలేదు. బొంబాయిలో బట్టల మిల్లులో పనిచేసే బావ, ఇక్కడికి రా ఏదో ఒకటి చూద్దాం అని ఉత్తరం రాశాడు.

మిల్లులో పని దొరకలేదు. కాని బావ ఉండే, గదులు వరసగా ఉన్న చాల్‌లోనే ఒక సారంగు ఉండేవాడు. సారంగు అంటే ఓడలో ఇంజను గది పనివాళ్ళ మీద పెద్ద. రత్నగిరి మనిషి, ముప్పై ఏళ్ళుగా ఓడల మీదే బతికినవాడు. బాయిలర్ తెలిసినవాడని విని ఎల్లేశాన్ని పిలిపించి, చేతులు తిప్పి చూసి, "రేపు నాతో రా," అన్నాడు. డెబ్బయ్యో సంవత్సరం చివర్లో ఎల్లేశానికి నల్లీ వచ్చింది. ఓడ పనివాడి పుస్తకాన్ని నల్లీ అంటారు. ప్రయాణం ముగిసినప్పుడల్లా కెప్టెను అందులో మనిషి పని గురించి, నడవడి గురించి రెండు అక్షరాలు రాస్తాడు. అవి బాగుంటేనే మళ్ళీ ఓడ.

మూసాపేటలో భార్య సక్కుబాయికి ఏడాదిలో వస్తానని చెప్పి వెళ్ళాడు.

సారంగు తీసుకెళ్ళిన ఓడ పేరు లేడీ ఎవెలిన్. పాత ఆవిరి ఓడ. సూయజ్ కాలువ మూతబడి ఉన్న రోజులు కాబట్టి బొంబాయి నుంచి యూరప్ వెళ్ళాలంటే ఆఫ్రికా మొత్తం చుట్టి రావాలి. పనివాళ్ళ గది ఓడ వెనక భాగంలో, నీళ్ళలో తిరిగే పెద్ద పంకాకు సరిగ్గా పైన ఉండేది. అందులో పన్నెండు మంది. పంకా తిరిగినంతసేపూ పళ్ళు టకటకలాడేవి. ఎప్పుడైనా ఆగితే, ఏమైందోనన్న భయంతో అందరికీ ఒకేసారి మెలకువ వచ్చేది. కింద బాయిలర్ల దగ్గర ఇనుప మెట్ల పక్క కమ్మీలు ఒట్టి చేత్తో పట్టుకుంటే బొబ్బలు లేచేవి. నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విరామం అని కాగితం మీద ఉండేది. ఆ విరామంలోనే మసి గోకడానికి, నూనె తుడవడానికి పిలుపు వచ్చేది. స్నానానికి రోజుకొక బక్కెట్టు నీళ్ళు. చెమటతో పోయిన ఉప్పు కోసం బిళ్ళలు ఇచ్చేవారు. వాటితో కడుపులో తిప్పేది. మింగకపోతే కాళ్ళు కొంకర్లు పోయేవి.

రేవు వచ్చినప్పుడు కొన్ని గంటలు దిగడానికి పాసు ఇచ్చేవారు. నెలరోజులు ఆ వేడిలో ఉన్న మనుషులు ఒక్కసారిగా ఒడ్డున పడితే ఏం చేస్తారు? గేటు దాటగానే సారా కొట్లు, వాటి చుట్టూ కొట్లాటలు. బూట్లు సహా అన్నీ పోగొట్టుకుని ఉత్త కాళ్ళతో తిరిగొచ్చినవాళ్ళున్నారు. మొదటి ప్రయాణంలోనే మొంబాసాలో ఒక కొట్టులో కత్తులు లేస్తే ఎల్లేశం బల్ల కింద దూరాడు. అతన్ని కాలు పట్టి బయటికి లాగి, వెనక దారిన రేవు దాకా పరిగెత్తించినవాడు బుల్లిబాబు.

బుల్లిబాబుది కాకినాడ దగ్గర ఉప్పాడ. ఎల్లేశం కంటే రెండేళ్ళు పెద్ద. ఇంజనుకు నూనె పోసే పని అతనిది. ఆ ఓడలో తెలుగు మాట్లాడేది వాళ్ళిద్దరే. మొదట్లో ఒకరి మాట ఒకరికి నవ్వు తెప్పించేది. తర్వాత ఆ మాట వినకపోతే రోజు గడిచేది కాదు.

డెబ్బై రెండు ఆగస్టులో, ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న డర్బన్ ఇంకా నాలుగు రోజులుందనగా, రెండు బాయిలర్లలో ఒకదాని లోపలి గొట్టం కారడం మొదలైంది. మంట ఆర్పేశారు. ఓడ సగం వేగానికి పడిపోయింది. గొట్టానికి బిరడా కొట్టాలంటే మనిషి పొయ్యి గుండా లోపలికి పాకి వెళ్ళాలి.

"ఒక దినమంత ఆరనియ్యాలె," అన్నాడు ఎల్లేశం సారంగుతో తనకొచ్చిన హిందీలో. "మా బాలానగర్‌ల గట్లనే చేస్తం. లోపల ఇటికలు ఇంక కాగుతున్నయి."

సారంగు ఆ మాట రెండో ఇంజనీరుకు చెప్పాడు. పనివాళ్ళు అతన్ని సెకండ్ సాబ్ అనేవారు. మెడ ఎర్రగా కాలిన తెల్లవాడు. కోపంలో కూడా గొంతు పెంచేవాడు కాదు.

"ఇది ఇతని ఊరి ఫ్యాక్టరీ కాదు. నాలుగు గంటలు చాలు," అన్నాడు.

పొయ్యి నోరు ఇరుకు. ఎల్లేశం భుజాలు పట్టలేదు. బుల్లిబాబు చొక్కా విప్పి తడి గోనె కప్పుకున్నాడు.

"నేను సన్నంగా ఉంటాను కదా. వెళ్ళి వచ్చేస్తాను," అన్నాడు. "తాడు మాత్రం నువ్వు పట్టుకో తమ్ముడూ. ఇంకెవరికీ ఇవ్వకు."

అతని నడుముకు తాడు కట్టింది ఎల్లేశమే. లోపలి నుంచి సుత్తి దెబ్బలు వినపడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ఎల్లేశం లెక్క పెడుతూ ఉన్నాడు. ఏడో దెబ్బ తర్వాత బుస్సుమని చప్పుడైంది. గొట్టంలో మిగిలిన మరిగే నీళ్ళు తన్నుకొచ్చాయి. తాడు ఒక్కసారి బిగిసి, వదులైంది. ఎల్లేశం, మరో ఇద్దరు కలిసి లాగారు. బయటికి వచ్చిన మనిషి కేకలు వేయడం లేదు. కుడి చేయి మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఉడికిపోయి ఉంది.

ఓడలో డాక్టరు లేడు. పసుపుపచ్చ మందు పూసి గుడ్డ చుట్టారు. మూడో రోజుకు ఆ గుడ్డ దగ్గరికి వెళితేనే వాసన వచ్చింది. నాలుగో రోజుకు బుల్లిబాబు ఒళ్ళు కాలిపోతోంది. ఉప్పాడలో ఎప్పుడో చనిపోయిన తల్లితో మాట్లాడుతున్నాడు. డర్బన్‌లో ఆస్పత్రికి పంపమని సారంగు అడిగాడు. పంపితే ఓడలో జరిగినవన్నీ రాసే లాగ్ పుస్తకంలో ప్రమాదమని రాయాలి, రాస్తే నాలుగు గంటలే ఆరనిచ్చిన సెకండ్ సాబ్ మీద విచారణ వస్తుంది.

"ఆంట్‌వర్ప్‌లో చూద్దాం," అన్నాడు సెకండ్ సాబ్.

యూరప్‌లో ఉన్న ఆంట్‌వర్ప్‌కు ఇంకా ఇరవై రోజుల ప్రయాణం.

శనివారం తెల్లవారేసరికి ఓడ డర్బన్ రేవులో ఆగింది. నూనె, నీళ్ళు పట్టుకుని సాయంత్రం ఆరుకు బయలుదేరాలి. పనిలో లేనివాళ్ళకు పదకొండు నుంచి నాలుగు దాకా పాసులిచ్చారు. ఎల్లేశం రెండు పాసులు తెచ్చి బుల్లిబాబును లేపాడు.

"అన్నా, కోటు తొడుక్కో. చెయ్యి లోపల పెట్టు. బజారుకు పోతున్నమని చెప్దాం."

"నడవలేనేమో తమ్ముడూ."

"నా మీద వాలు. తాగినోని లెక్క నడువు. ఇక్కడ గట్ల నడిచినోన్ని ఎవ్వడు అడగడు."

గేటు దగ్గర కాపలావాడు నిజంగానే అడగలేదు. గేటు దాటాక ఒక సారా కొట్టు ముందు ముగ్గురు తెల్లజాతి ఓడవాళ్ళు నిలబడి ఉన్నారు. పట్టపగలే తాగి ఉన్నారు. ఒకడు సరదాకి కాలు అడ్డం పెట్టాడు. బుల్లిబాబు గోడకు పడ్డాడు. కాలిన చేయి గోడకు తగిలి, గొంతులోంచి ఒక రకమైన చప్పుడు వచ్చింది. ఎల్లేశం వాళ్ళ వైపు ఒక అడుగు వేశాడు. అంతలో ఒక పోలీసు కుక్కతో సహా వచ్చాడు. ఆ ముగ్గురి వైపు చూడనైనా చూడలేదు. పాసులు ఈ ఇద్దరినే అడిగాడు. తిప్పి తిప్పి చూసి, గడియారం చూపించి, నాలుగు వేళ్ళు ఎత్తాడు. కుక్క బుల్లిబాబు కోటు వాసన చూస్తూనే ఉంది. పాసులు తిరిగి చేతికొచ్చేదాకా ఎల్లేశం ఆ కోటు అంచు మూసి పట్టుకున్నాడు.

వీధిలో కూర్చోవడానికి బల్లలున్నాయి. వాటి మీద తెల్లవాళ్ళకు మాత్రమే అని రాసి ఉంది. ఎల్లేశం మనిషిని మోసుకుంటూ, దారి తెలియకుండా, తమలాంటి మొహాలు ఎటు ఎక్కువ కనపడితే అటు నడిచాడు. అలా వాళ్ళు కూరగాయల బజారుకు చేరారు. అక్కడ బుల్లిబాబు కాళ్ళు ఆగిపోయాయి.

"అన్నా, కండ్లు మూయకు. జర కూసో. నీళ్లు తెస్త," అన్నాడు ఎల్లేశం.

పక్కన బీన్సు గంప ముందు కూర్చున్న ముసలామె తల తిప్పింది.

"మీరు తెలుగోళ్ళా నాయనా?"

ఆ నేల మీద ఆ మాట వినపడటం ఎల్లేశానికి నమ్మశక్యం కాలేదు. ఆమె పేరు భూలక్ష్మి. తాతది ఇశాపట్నం పక్కంట, చెరుకు తోటల పనికి ఓడెక్కించారంట, ఊరి పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ గుర్తులేదు అని తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం లేచి వచ్చి బుల్లిబాబు కోటు తొలగించి చేయి చూసింది. గంపను పక్కన కూర్చున్న ఆమెకు అప్పగించి, "లేవదియ్యి. డాక్టరు ఈ సందులోనే," అంది.

డాక్టరు కూడా అక్కడ పుట్టిన భారతీయుడే, కాని తెలుగు రాదు. ఆమె మధ్యలో ఉండి చెప్పింది. డాక్టరు గుడ్డ విప్పి చూసి, ఆమెతో ఇంగ్లీషులో చెప్పాడు.

"ఈ చేత్తో ఇంకో వారం ఓడలో ఉంటే మనిషి దక్కడంటున్నాడు," అంది భూలక్ష్మి. "ఆస్పత్రిలో చేర్చాలంట. రేవు డాక్టరుకి ఈయన ఫోను చేస్తాడంట. అయితే కాగితం రాసిస్తాడు, అది పట్టుకుని నువ్వు ఓడకి పోవాలంట. పోకపోతే ఇద్దరూ పారిపోయారని రాస్తారు. పారిపోయినోణ్ణి ఇక్కడ ఆస్పత్రిలో ఉంచరు నాయనా. జైల్లో ఏస్తారు."

గోడ మీద గడియారం ఒకటిన్నర చూపిస్తోంది.

ఆస్పత్రిలో చేర్చేసరికి మూడైంది. పొడవైన గది, రెండేసి మంచాల మధ్య నేల మీద కూడా రోగులే. సూది మందు ఇవ్వబోయే ముందు బుల్లిబాబుకు తెలివి వచ్చింది. ఎడమ చేత్తో ఎల్లేశం చొక్కా పట్టుకున్నాడు.

"నన్నిక్కడ వదిలేసి వెళ్ళకు తమ్ముడూ."

"పోను."

"ఒట్టెయ్."

"నీ ఒట్టు. పోను."

కాసేపటికి ఆ పట్టు సడలింది. ఎల్లేశం ఒక్కొక్క వేలూ విడదీసి, చేతిని దుప్పటి మీద పెట్టాడు. భూలక్ష్మి అతని వైపు చూడకుండా, "నేను వస్తుంటాలే," అంది. అతను పరిగెత్తాడు. గేటు దాటేసరికి నాలుగుకు రెండు నిమిషాలుంది.

ఓడ మీద సెకండ్ సాబ్ సిద్ధంగా ఉన్నాడు. రేవు డాక్టరు నుంచి అప్పటికే కబురు వచ్చినట్టుంది. డాక్టరు కాగితం తీసుకుని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరో కాగితం ముందుకు తోశాడు. లాగ్ పుస్తకంలో రాయబోయే వాంగ్మూలం అది. కింద అప్పటికే పనివాళ్ళలో ముగ్గురి వేలిముద్రలున్నాయి.

"పెట్టు," అన్నాడు సారంగు మెల్లగా. అతని కళ్ళు నేల మీదే ఉన్నాయి.

ఎల్లేశం కాగితాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఇంగ్లీషు అంతా రాదు. కాని 'డ్రంక్' అన్న మాట గుర్తుపట్టాడు. తాగినవాళ్ళకు ప్రవేశం లేదు అని బాలానగర్ ఫ్యాక్టరీ గేటు మీద మూడు భాషల్లో బోర్డు ఉండేది. నాలుగేళ్ళు రోజూ దాని కిందనుంచే వెళ్ళాడు.

"ఇండ్ల తాగి ఒడ్డు మీద కాల్చుకున్నడని రాసిండ్రు," అన్నాడు సారంగుతో. "నేను పెట్ట."

సారంగు ఆ మాట చెప్పకుండానే సెకండ్ సాబ్‌కు అర్థమైంది. గొంతు పెంచకుండానే రేవు వైపు వేలు చూపించాడు. అక్కడ ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు. మాట వినని నల్లవాణ్ణి ఈ దేశంలో దింపేస్తే ఏమవుతుందో తెలుసా అని అడిగాడు.

ఎల్లేశానికి తెలుసు. మెట్లు దిగి కిందికి వెళ్ళాడు. ఐదు గంటల నుంచి బాయిలర్ అతని పని. మంట పెంచాల్సిన సమయం. అతను పెంచలేదు. మంట తగ్గించి, తిరగేసిన బక్కెట్టు మీద కూర్చున్నాడు. తక్కిన పనివాళ్ళు అతన్నీ ముల్లునీ మార్చి మార్చి చూశారు. ఆవిరి ఎంత ఉందో చూపించే ఆ ముల్లు నూట ఎనభై మీద ఉండాలి. నూట అరవైకి వచ్చింది. నూట నలభైకి వచ్చింది.

సారంగు దిగి వచ్చాడు.

"నాకు ముప్పై ఏళ్ళ నౌకరీ ఇది," అన్నాడు.

"నిన్ను నేనేమన్న జెయ్యమన్ననా? నా పని నేను బంద్ చేసిన."

"నిన్నొక్కణ్ణే పోలీసులకిస్తారు."

"తెలుసు."

"భయం లేదా?"

"ఎందుకు లేదు?" అన్నాడు ఎల్లేశం. "గా తాడు కట్టింది నేను సారంగ్ సాబ్. అది అబద్ధమని నేనెట్ల పెడత?"

సారంగు తలపాగా విప్పి మొహం తుడుచుకుని, మిగతావాళ్ళ వైపు తిరిగి, మంటల దగ్గరికి ఎవరూ వెళ్ళొద్దన్నాడు. ఇంకో బక్కెట్టు లేక, మెట్టు మీద కూర్చున్నాడు.

ఆరైంది. పైన ఓడను బయటికి నడిపించే పైలట్ వచ్చి ఉన్నాడు. లాగే పడవలు కూత వేస్తున్నాయి. ముల్లు నూటికి దిగింది. సెకండ్ సాబ్ రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. రెండోసారి అతని చేతిలో ఇనుప కడ్డీ ఉంది. పదకొండు మంది లేచి నిలబడేసరికి దాన్ని గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. ఆరున్నరకు మెట్ల మీద తెల్ల బూట్లు కనపడ్డాయి. కెప్టెను. ఆ ఓడలో పనిచేసినన్నాళ్ళలో అతను కిందికి రావడం ఎవరూ చూడలేదు. వేడికి మొదటి నిమిషంలోనే చొక్కా తడిసిపోయింది.

సెకండ్ సాబ్ జేబులోకి పోయిన డాక్టరు కాగితం ఇప్పుడు అతని చేతిలో ఉంది. ఇవి ఆవిరి గాయాలు, నాలుగు రోజుల పాతవి అని అందులో రాసి ఉంది. నాలుగు రోజుల కిందట ఓడ నడిసముద్రంలో ఉంది. పైలట్ వింటుండగా ఇలాంటి తగువు పెరగడం కెప్టెనుకు ఇష్టం లేదు కాబోలు. లాగ్ పుస్తకం కిందికి తెప్పించి, అక్కడే, బాయిలర్‌లో పని చేస్తుండగా కాలింది, డర్బన్‌లో వైద్యం కోసం దింపాం అని రాశాడు. ఎల్లేశం దాన్ని సారంగు చేత రెండుసార్లు చదివించుకుని, సంతకం పెట్టాడు. తర్వాత లేచి మంట పెంచాడు.

ఓడ ఎనిమిదికి కదిలింది. రేవు దీపాలు చూడటానికి అతను పైకి వెళ్ళలేదు.

ఆ ప్రయాణం డెబ్బై మూడు మొదట్లో బొంబాయిలో ముగిసింది. నల్లీలు తిరిగి ఇచ్చినప్పుడు ఎల్లేశం పుస్తకంలో నడవడి ఎదురుగా రెండు అక్షరాలు ముద్ర కొట్టి ఉన్నాయి. ఇతని గురించి ఏమీ చెప్పదలచలేదు అని వాటి అర్థం. ఆ ముద్ర చూసిన ఏ ఓడా మనిషిని తీసుకోదు. సారంగు పుస్తకంలోనూ అదే ఉంది. సారంగు దాన్ని సంచిలో వేసుకుని రత్నగిరి బస్సెక్కాడు.

మూసాపేటలో సక్కుబాయి అడిగిన మొదటి మాట ఇదే.

"మళ్ల పోతవా?"

"పోను. నల్లీల రాసిండ్రు."

ఆమె పుస్తకం తిరగేసి చూసింది. "ఏం రాసిండ్రు?"

"మేమేం రాయమని రాసిండ్రు."

"మరి గదానికి పుస్తకమెందుకు?" అంది సక్కుబాయి.

అతను మళ్ళీ తెరుచుకున్న బాలానగర్ ఫ్యాక్టరీలో పాత బాయిలర్ దగ్గరికే చేరాడు. పనిలో లోటు లేదు, ఇంట్లో తగాదా లేదు. కాని నిద్రలో కుడి చేత్తో దేన్నో ఒక్కొక్కటిగా విడదీసేవాడని సక్కుబాయి చెప్పేది. బుల్లిబాబు బతికాడో లేదో తెలియదు. ఉప్పాడకు రెండు ఉత్తరాలు రాశాడు. జవాబు రాలేదు.

డెబ్బై నాలుగు వేసవిలో ఒక సాయంత్రం, షిఫ్టు దిగి బాలానగర్ గేటు దాటుతుంటే ఎదురుగా టీ బండి దగ్గర నిలబడి ఉన్నాడు బుల్లిబాబు. చిక్కిపోయాడు. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. మిగతావి ముడుచుకుపోయి ఉన్నాయి. ఎల్లేశం దగ్గరికి వెళ్ళాడు.

"ఒట్టేశావు," అన్నాడు బుల్లిబాబు.

"ఏసిన."

"మూడు నెలలున్నాను తమ్ముడూ అక్కడ, తిరుగు ఓడ ఎక్కించేదాకా. మెలకువ వచ్చాక నీ కోసం అరిచాను. ఎవరికీ నా మాట తెలీదు. కిటికీలోంచి చూస్తే ఓడ పొగలు కనపడేవి. శనివారం శనివారం ఆ బజారావిడ అన్నం తెచ్చేది. ఆవిడ ఎంత చెప్పినా నేను నమ్మలేదు. భయపడి పారిపోయాడు అనుకున్నాను. నీ ఉత్తరాలు చింపేశాను. మొహం మీదే అడగాలని చివరికి వచ్చాను."

ఎల్లేశం తల వంచుకుని విన్నాడు. తను కిందికి వెళ్ళి కూర్చున్న సంగతి, కెప్టెను రాసిన సంగతి, ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. ఇంటికి రమ్మన్నాడంతే.

చెప్పింది సక్కుబాయి. మరునాడు ఎల్లేశం పనికి పోయాక, జొన్నరొట్టె పెడుతూ, మాటల్లో మాటగా చెప్పింది. దూలం మీద నుంచి నల్లీ తీసి చూపించింది. బుల్లిబాబు కూడా ఓడవాడే కదా, ఆ రెండు అక్షరాల అర్థం అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. తింటున్నవాడు రొట్టె పక్కన పెట్టి లేచి, మూసాపేట నుంచి బాలానగర్ దాకా ఎండలో నడిచి వెళ్ళాడు. షిఫ్టు అయ్యేదాకా గేటు దగ్గర కూర్చున్నాడు.

ఇద్దరూ కలిసి ఇంటిదారి పట్టారు.

"చెప్పొచ్చు కదా నిన్న," అన్నాడు బుల్లిబాబు సగం దారిలో.

"ఏమని చెప్పాలె? నిన్ను ఇడిసిపెట్టి పోయిన మాట నిజమే గద."

"నువ్వు వెళ్ళకపోతే నేను జైల్లో పోయేవాణ్ణి. అది నాకూ తెలుసు. తెలిసినా కోపం పోలేదయ్యా. ఇప్పుడు కూడా పూర్తిగా పోలేదు."

"పోకున్న మంచిదే. ఉండు నాలుగు దినాలు."

బుల్లిబాబు పది రోజులున్నాడు. ఎడమ చేత్తో అన్నం తినడం ఇంకా అలవాటు కాలేదు. మెతుకులు జారితే సక్కుబాయి చూడనట్టు లేచి వెళ్ళేది. పదకొండో రోజు ఉప్పాడ వెళ్ళిపోయాడు. అక్కడ వలలు అల్లేవాళ్ళ దగ్గర పనికి కుదిరానని, మూడు వేళ్ళతో కూడా ముడి పడుతోందని దసరాకు ఉత్తరం రాశాడు. ఎల్లేశం దాన్ని కుడి చెవి ముందుకు పెట్టుకుని, పక్కింటి పిల్ల చేత పైకి చదివించుకున్నాడు. తనకు చదవడం వచ్చు. అయినా ఇంకొకరి గొంతులో వినాలనిపించింది.